బ్యాండోళ్లను కూర్చోని విన్నోళ్లు ఎవరన్నా ఉన్నరా

మా నల్గొండ దిక్కు ట్రంపెట్ సప్పుడు వినవడ్డదంటే పెండ్లన్నట్టే. ఎదురుకోళ్లో, బరాతో, లేకపోతే ఏదో ఊరేగింపు. క్లాక్ టవర్ కాడ ట్రాఫిక్ ఆగుతది, బండ్లోళ్లు హారన్లు కొడుతుంటరు, ముందట పోరగాళ్లు ఎగురుతుంటరు, పటాకుల పొగ, ఆ పొగలకెళ్లి ఎర్రకోట్లు ఏసుకున్న పది పన్నెండు మంది బుగ్గలు ఉబ్బించి ఊదుకుంట నడుస్తుంటరు. పాట ఏందో అందరికీ తెలుస్తది, ఎవరు ఊదిండ్రో మాత్రం ఎవ్వరికీ తెల్వదు. పెండ్లి వీడియోల కూడా కెమెరా వాళ్ల మీద రెండు సెకన్లు ఆగి మల్ల పెండ్లికొడుకు మీదికి పోతది. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నది ఇదే. మా చిన్నాయిన ఆ ఎర్రకోట్ల వరుసలనే ట్రంపెట్ ఊదుతడు, ఇప్పటికీ ఊదుతనే ఉన్నడు.

అదే ట్రంపెట్, అదే ఇత్తడి, వేరేకాడ ఎట్ల వింటరో తెలిసినంక నాకు మనసుల ఒకటే పడ్డది. ఓ పది మంది స్టేజీ మీద అర్ధచంద్రాకారంల కుర్చీలేసుకుని కూర్చుంటరు, ముందట హాలు నిండ జనం, ఒక్కరు కూడా మాట్లాడరు, ఊదేటోళ్లు గాలి పీల్చుకున్న సప్పుడు కూడా వెనక వరుస దాంక వినవడుతది. గట్ల వినాలె ఈ వాయిద్యాలను. ఆ సంగీతం గురించే ఈ పోస్టు, జర పెద్దగనే ఉంటది, నిమ్మళంగ చదవండి.

ఆర్కెస్ట్రా అంటే ముందట వయొలిన్లు, మధ్యల ఫ్లూట్లు క్లారినెట్లు, ఇత్తడోళ్లు ఎప్పుడూ వెనకాల. ట్రంపెట్, ఫ్రెంచ్ హార్న్, ట్రాంబోన్, ట్యూబా, ఈ నాలుగు రకాలే. ఆ వెనక వరుసను మాత్రమే ముందుకు తెచ్చి కూర్చోబెడితే బ్రాస్ ఎన్సెంబుల్. ఐదుగురైతే రెండు ట్రంపెట్లు, ఒక హార్ను, ఒక ట్రాంబోను, ఒక ట్యూబా. పెద్దదైతే పది మంది, నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, హార్ను ఒకటి, ట్యూబా ఒకటి. ఈ పది మంది లెక్కను ప్రపంచానికి అలవాటు చేసింది లండన్‌ల ఫిలిప్ జోన్స్ అనే ట్రంపెట్ ఆయన. 1951ల గ్రూపు మొదలుపెట్టిండు, 1986ల ఆయన రిటైర్ అయ్యేదాంక నడిపిండు. ఆయన లండన్ ఆర్కెస్ట్రాలల్ల పెద్ద పెద్ద సీట్లల్ల వాయించిన మనిషి. ఆర్కెస్ట్రాల ఇత్తడోళ్లకు చాలాసేపు పనే ఉండదు, వందల బార్లు, అంటే తాళం గళ్లు, లెక్కపెట్టుకుంట కూర్చోని, ఎప్పుడో వచ్చే నాలుగు ముక్కలు తప్పు పోకుండ ఊదాలె. వాళ్లను కచేరీ మొత్తం వినేటట్టు చేసిండు ఆయన. ఇయ్యాల యూట్యూబ్‌ల ఏ బ్రాస్ గ్రూపును చూసినా ఆ పది కుర్చీల వెనకాల ఆయన చెయ్యి ఉంటది.

కానీ అసలు మొదలు ఇంకా పాతది. వెనిస్‌ల సెయింట్ మార్క్స్ అనే పెద్ద గుడి. లోపల ఒకదానికొకటి ఎదురుంగ పైన గ్యాలరీలు ఉంటయి, రెండు దిక్కులా ఆర్గన్లు. ఆడ ఊదిన శబ్దం గుమ్మటాల కింద సెకన్ల కొద్దీ తిరుగుతనే ఉంటది. 1568 నుంచే ఆ గుడిల ఊదేటోళ్లను జీతమిచ్చి పెట్టుకున్నరు, పండుగకు పిలిచి పైసలిచ్చి పంపుడు కాదు, ఉద్యోగం. ఆ గుడిల 1585 నుంచి ఆర్గన్ వాయించినాయన జొవాన్నీ గాబ్రియేలి. ఆ గ్యాలరీలను చూసే రాసిండు సంగీతం. ఓ గుంపు ఈ దిక్కు, ఓ గుంపు ఆ దిక్కు, వీళ్లు ఒక మాట అంటే వాళ్లు జవాబు చెప్తరు, మధ్యల నిలబడ్డ జనానికి సంగీతం తల మీదికెళ్లి పోయినట్టుంటది. 1597ల అచ్చేసిన ఆయన పుస్తకంల ఒక ముక్క ఉంది, సొనాటా పియాన్ ఎ ఫోర్టే. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్త, ఎందుకంటే నా మటుకు ఇత్తడి సంగీతం అంతా ఈ ఒక్కదాంట్ల ఉన్నది.

ఎనిమిది గొంతులు. మొదటి గుంపుల ఒక కార్నెట్టో, మూడు ట్రాంబోన్లు. కార్నెట్టో అంటే ఇప్పుడు ఎక్కువ కనవడదు, వంకర కట్టె గొట్టం, మీద తోలు చుట్టి ఉంటది, మూతి మాత్రం ట్రంపెట్ లెక్కనే గిన్నె మూతి. రెండో గుంపుల ఒక వయొలిన్ రకం, మల్ల మూడు ట్రాంబోన్లు. అప్పటిదాంక చాలామంది రాసేటోళ్లు ఏ గొంతుకు ఏ వాయిద్యం అని రాయకపోతుండె, ఉన్నదాంతోని వాయించుకోండి అన్నట్టు. ఈయన పేరు పేరునా రాసిండు. ఇంకోటి, ఎక్కడ మెల్లగ ఊదాలె ఎక్కడ గట్టిగ ఊదాలె అని కాగితం మీద రాసిండు, అచ్చయిన సంగీతంల గట్ల రాసినోళ్లల్ల ఈయన మొదటి వరుస మనిషి. ఒక్క గుంపే ఊదుతుంటే మెల్లగ, రెండు గుంపులు కలిస్తే గట్టిగ. లెక్క గింతే. వినేటప్పుడు మాత్రం లెక్క యాదికి రాదు. మొదటి గుంపు నిదానంగ, కిందికే చూసుకుంట నడిచినట్టు వస్తది, ముగించుకునేదాంక రెండోది నోరు మెదపదు, తర్వాత ఇంకింత కింది శృతిల, ఇంకింత ముదురు గొంతుతోని అందుకుంటది. ఇగ రెండూ ఒక్కసారి కలిసినప్పుడు, ఆ ఆరు ట్రాంబోన్లు కలిసినప్పుడు ఛాతిల పెద్దగ ఏదో తెరుచుకున్నట్టు అనిపిస్తది నాకు, ప్రతిసారి. 1968ల అమెరికాల మూడు పెద్ద ఆర్కెస్ట్రాలు, ఫిలడెల్ఫియా, క్లీవ్‌లాండ్, చికాగో, వీళ్ల ఇత్తడోళ్లు ఒక్కకాడ కూడి గాబ్రియేలి రికార్డు చేసిండ్రు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే వినండి, ఎడమ చెవి కుడి చెవి తేడా తెలవకపోతే సగం సంగీతం పోయినట్టే.

ఇది చిన్నాయినకు వినిపించిన. మా ఊర్ల, వాకిట్ల మంచం మీద కూర్చోని ఉన్నడు, ముందట పాత న్యూస్‌పేపర్ పరిచి ట్రంపెట్ విప్పుతున్నడు. పిస్టన్లు మూడూ తీసి గుడ్డతోని తుడిచి నూనె చుక్కలేసి మల్ల పెడుతుండె, ఏది ఏ గొట్టంలదో చూడకుండనే చెయ్యికి తెలుస్తది ఆయనకు. నేను ఫోను బ్లూటూత్ స్పీకర్‌కు కలిపి పెట్టిన. పాట పేరు చెప్పలే, దేశం చెప్పలే. ఆయన పని ఆపలే గానీ చెయ్యి మెల్లగైంది. కొంచెంసేపైనంక "వీళ్లు నడుస్తలేరు బిడ్డా" అన్నడు. నాకు మొదలు సమజ్ కాలే. "కూర్చోని ఊదుతున్నరు. నడిచేటోని గాలి గిట్ల ఉండది. అడుగు పడ్డప్పుడల్లా పెదవి కదులుతది, సప్పుడుల కొంచెం దెబ్బ తగుల్తది. వీళ్లకు ఆ దెబ్బ లేదు" అన్నడు. మల్ల ఇంకొకసారి పెట్టమన్నడు. ఈసారి పిస్టన్లు పక్కకు పెట్టిండు. "ఒకడు గాలి తీసుకుంటే పక్కోడు మోస్తున్నడు చూడు, ఎక్కడా బొక్క పడుతలేదు" అని వేలుతోని గాలిల చూపెట్టిండు. నేను ఎన్నోసార్లు విన్న ఆ రికార్డు, వాళ్లు ఎక్కడెక్కడ ఊపిరి తీసుకుంటున్నరో నాకు అప్పటిదాంక వినవడలే. ఇప్పుడు వినకుండ ఉండలేను.

ఈ వాయిద్యాలల్ల సప్పుడు ఇత్తడికెళ్లి వస్తదని అనుకుంటరు చాలామంది. పుట్టేది పెదవుల కాడ. రెండు పెదవులు దగ్గరికి బిగపట్టి గాలి వదిలితే అవి కొట్టుకుంటయి, ఆ వణుకును గొట్టం పట్టుకుని పెద్దగ చేస్తది. చిన్నాయిన మౌత్‌పీస్ ఒక్కటే తీసి మూతికి పెట్టుకుని పాట మొత్తం ఊది చూపెడుతడు, తుమ్మెద రొదలాగ సన్నగ వస్తది గానీ పాట పాటనే, ఒక్క స్వరం కూడా తప్పిపోదు. ఆయన పై పెదవి నడిమిట్ల గుండ్రని గీత ఉంటది, ఏండ్ల సంది మౌత్‌పీస్ ఆనిన గుర్తు, నవ్వితే కూడా పోదు. పాట పాటకు మధ్యల ట్రంపెట్‌ను కిందికి వంచి చిన్న మీట నొక్కి నీళ్లు వదులుతరు చూసిండ్రా, దాన్ని అందరూ ఉమ్మి అనుకుంటరు. చాలామటుకు అది ఊపిరిల ఉన్న తేమ, చల్లటి లోహానికి తగిలి నీళ్లయితది. బెర్లిన్‌ల, వియన్నాల సూట్లేసుకున్న పెద్ద కళాకారులు కూడా కచేరీ మధ్యల అదే మీట నొక్కుతరు, అవే నీళ్లు వదులుతరు.

చిన్నాయిన కాడ ఓ పాత లాంగ్ నోట్‌బుక్ ఉన్నది. అట్ట ఊడితే దారంతోని కుట్టిండు. అండ్ల పాటల పేర్లు, కింద స్వరాలు, స్వరాల కింద అంకెలు. స కింద సున్నా. రి కింద 1-3. గ కింద 1-2. మ కింద 1. ప కింద మల్ల సున్నా. ధ కింద 1-2, ని కింద 2, పై స కింద సున్నా. అవి పిస్టన్ల నంబర్లు, ఏ వేళ్లు నొక్కాలె అని. వాళ్ల బ్యాండ్ మాస్టర్ చిన్నప్పుడు గట్లనే నేర్పిండంట. ఆ అంకెలను చూసుకుంట కూర్చుంటే మొత్తం వాయిద్యం ఎట్ల పనిచేస్తదో అండ్లనే ఉన్నది. ఏమీ నొక్కకుండ ఊదితే గొట్టం కొన్ని స్వరాలే ఇస్తది, స, ప, పై స, ఆపైన గ, ప. రెండో పిస్టన్ నొక్కితే అర స్వరం కిందికి, ఒకటోది నొక్కితే ఒక స్వరం, మూడోది ఒకటిన్నర, నొక్కినకొద్దీ గాలి ఇంకింత పొడుగు గొట్టంలకెళ్లి తిరిగి రావాలె గదా. ప నుంచి ఒకటోది నొక్కి ఒక స్వరం దిగితే మ. ప నుంచి 1-2 నొక్కి ఒకటిన్నర దిగితే గ. పై స నుంచి అదే 1-2 నొక్కి ఒకటిన్నర దిగితే ధ. అంటే గ కైనా ధ కైనా వేళ్లు అవే, తేడా మొత్తం పెదవుల బిగువుల ఉన్నది. అందుకే వేళ్లు చూసి ఎవ్వరూ ట్రంపెట్ నేర్చుకోలేరు. పిస్టన్లు మూడే ఉన్నా కలిపి ఏడు పొడుగులు వస్తయి, ట్రాంబోన్ జారుడు గొట్టానికి కూడా ఏడు జాగలే. రెండూ వేరే వేరే దారులల్ల ఒక్కకాడికే వచ్చినయి.

ఈ పిస్టన్లు వచ్చి ఎక్కువ కాలం కాలే. 1818ల జర్మనీల ష్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు పేటెంట్ తీసుకున్నరు. అంతకుముందు ట్రంపెట్, హార్ను రెండూ మన జాతరలల్ల ఊదే కొమ్ము లాంటివే, గొట్టం ఇచ్చిన స్వరాలే వస్తయి, మధ్యలయి చాలామటుకు రావు. కొమ్ము ఊదేటాయన ఆ నాలుగైదు స్వరాలతోనే గుండెలు జల్లుమనిపిస్తడు గదా, వాళ్లకు కూడా గట్లనే రాసిండ్రు, ఆ పరిమితి లోపల్నే. ట్యూబా ఇంకా చిన్నది, 1835ల బెర్లిన్‌ల పుట్టింది. హార్నుకు గొట్టం విప్పి సాపు చేస్తే దాదాపు 3.7 మీటర్లు, ట్రంపెట్ ఒకటిన్నర మీటరు కూడా ఉండదు, ట్రాంబోను దానికి రెండింతలు, పెద్ద ట్యూబా ఐదున్నర మీటర్ల దాంక పోతది. హార్ను అంత పొడుగున్నా పై స్వరాలే ఎక్కువ ఊదుతరు, ఆ ఎత్తుల స్వరాలు ఒకదాని పక్కన ఒకటి దగ్గర దగ్గర ఉంటయి, పెదవి వెంట్రుకవాసి తప్పితే పక్క స్వరం పలుకుతది. హార్ను మెల్లగ, తప్పు పోకుండ, ఎక్కడి నుంచో వచ్చినట్టు మొదలైనప్పుడు ఆ ఊదేటోని గుండె ధైర్యం ఎంతదో ఆలోచించండి.

మన ఎండల గురించి ఒక మాట చెప్పాలె. మే నెలల మన దిక్కు 44, 45 డిగ్రీలు మామూలే, పెండ్లిళ్లు కూడా అప్పుడే. వేడి పెరిగితే గాలిల శబ్దం వేగం పెరుగుతది, డిగ్రీకి సెకనుకు దాదాపు 0.6 మీటర్లు, దాంతోని శృతి పైకి ఎక్కుతది. ఏసీ హాళ్లల్ల వాయించేటోళ్లకు ఇది చిన్న సంగతి. చిన్నాయినోళ్లు పొద్దుగాల పది గంటలకు నీడల మొదలుపెట్టి పన్నెండు గంటలకు తారురోడ్డు మీదికి వచ్చేసరికి ట్రంపెట్ కాలుతుంటది, శృతి లేచిపోతది, క్లారినెట్ కట్టెది గాబట్టి దాని తీరు వేరే, రెండూ కలవయి. చిన్నాయిన నడుచుకుంటనే ట్యూనింగ్ గొట్టం కొంచెం బయటికి లాగుతడు. మీటర్ చూడడు, ఎవ్వరినీ అడగడు, పక్కోని స్వరం విని లాగుతడు. ఇది ఎవరు గమనిస్తరు పెండ్లిల? ఏ సంగీత కాలేజీల చదివినోడైనా మండుటెండల నడుచుకుంట, పటాకుల సప్పుడుల, శృతి సరిచేసుకుంటడా? నాకు తెలిసి ఇది గొప్ప విద్య.

ఇత్తడి అంటే గట్టిగ అనే మాట నాకు నచ్చది. గట్టిగ ఊదుడు నేర్చుకోవచ్చు, మెల్లగ ఊదుడే ప్రాణం తీస్తది, గాలి తక్కువైతే పెదవి పలకదు, ఎక్కువైతే స్వరం పగుల్తది. మెల్లగ ఊదితే ఎట్లుంటదో వినాలంటే ద్వోర్జాక్ న్యూ వరల్డ్ సింఫొనీ రెండో భాగం పెట్టుకోండి, 1893ల న్యూయార్క్ కార్నెగీ హాల్‌ల మొదటిసారి వాయించిండ్రు. మొదటి నిమిషమే. హార్న్లు, ట్రాంబోన్లు, ట్యూబా, ఎంత మెల్లగ అంటే వాయిద్యం మొదలైందా లేదా అని ఆగి వింటం. ఆ సింఫొనీ మొత్తంల ట్యూబాకు పని ఉన్నది ఈ రెండో భాగంల మాత్రమే, అది కూడా కొన్ని స్వరాలే. ఆ కొన్ని స్వరాల కోసం ఒక మనిషి ఆ పెద్ద వాయిద్యాన్ని మోసుకొచ్చి ముప్పావు గంట కూర్చుంటడు. బేథోవెన్ ఐదో సింఫొనీల కూడా గంతే, 1808ల వియన్నాల మొదటిసారి వాయించినప్పుడు ట్రాంబోనోళ్లు మూడు భాగాలు చేతులు కట్టుకుని కూర్చున్నరు, నాలుగో భాగం మొదట్లనే లేచిండ్రు. ఆ నాలుగో భాగం అంత వెలుగు వెలుగుతదంటే ట్రాంబోన్లను అప్పటిదాంక దాచిపెట్టినందుకే. ఎప్పుడు ఊదొద్దో తెలుసుడు కూడా ఈ విద్యల భాగమే.

గట్టిగ కావాలంటే అదీ ఉన్నది. ఆరన్ కోప్లాండ్ 1942ల రాసిన ఫ్యాన్‌ఫేర్ ఫర్ ది కామన్ మ్యాన్, మూడు నిమిషాల ముక్క. యుద్ధం నడుస్తున్న కాలం, సిన్సినాటి ఆర్కెస్ట్రా నడిపే యూజీన్ గూసెన్స్ ఒక్కో కచేరీ మొదట్ల వాయించడానికి ఫ్యాన్‌ఫేర్లు రాసిమ్మని కంపోజర్లను అడిగిండు. ఫ్యాన్‌ఫేర్ అంటే అప్పటిదాంక రాజులు, సైన్యాధిపతులు వస్తుంటే ఊదేది. కోప్లాండ్ మామూలు మనిషికి రాసిండు. 1943 మార్చి 12న వాయించిండ్రు, ఆడ ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టే రోజులు. మొదలు పెద్ద డ్రమ్ము, టింపనీ, కంచు పళ్లెం, మూడు కలిసి కొట్టే దెబ్బలు. ఆ దెబ్బలు సల్లారేదాంక ఆగుతది. తర్వాత మూడు ట్రంపెట్లు ఒకే గొంతుతోని, తోడు ఎవ్వరూ లేకుండ. తర్వాత హార్న్లు వచ్చి కలుస్తయి, ఆఖరికి ట్రాంబోన్లు, ట్యూబా. అంతకన్న ఏం లేదు, కానీ ఆ ట్రంపెట్లు ఒంటిగ లేచినప్పుడు నాకు చిన్నాయిననే కనవడుతడు. ఇగ ముసోర్గ్‌స్కీ పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్ కూడా వినండి, 1874ల పియానోకు రాసింది. దాన్ని మొత్తం ఇత్తడికి మార్చి రాసినాయన ఎల్గర్ హోవార్త్, ఫిలిప్ జోన్స్ గ్రూపుల ట్రంపెట్ ఆయనే. చివర్ల కీవ్ మహాద్వారం వచ్చినప్పుడు సౌండు పెంచుకోండి, పక్కింటోళ్లకు ముందే చెప్పుకోండి.

బాధయితది ఏందంటే, చిన్నాయిన బ్యాండు ఇప్పుడు సగానికి సగం తగ్గింది. డీజేలు వచ్చినయి, పెద్ద బాక్సులు ట్రాలీ మీద ఎక్కించి ఒకడు బటన్ నొక్కుతడు. బ్యాండు పిలిచినా ఆటో మీద క్యాసియో, మైకు పెట్టి, ట్రంపెటోళ్లను ఇద్దరిని మాత్రం ముందట కనవడేటట్టు నిలబెడుతున్నరు. సీజన్ల నాలుగు పైసలు, సీజన్ అయిపోతే పత్తి ఏరుడో, సెంట్రింగ్ పనో. యూఫోనియం, అంటే చిన్న ట్యూబా లెక్క ఉండే ఇత్తడి వాయిద్యం, ఊదే ఆయన ఇప్పుడు ఆటో నడుపుతున్నడు, చాలా మంచి గొంతు ఆయన వాయిద్యానిది, వెడల్పుగ, మెత్తగ ఉంటది. వెనిస్ గుడిల నాలుగు వందల యాభై ఏండ్ల కింద ఊదేటోనికి జీతం ఉండె. ఇక్కడ పెండ్లి అయినంక భోజనం కూడా ఆఖరి బంతిల పెడుతరు. నేను ఎవ్వరినీ తిడుతలేను, మనం ఎన్నడూ కూర్చోని వినలేదు, వినకపోతే విలువ ఎట్ల తెలుస్తది?

అందుకే ఇప్పుడు ఒక పని మొదలుపెట్టిన. ఆ సొనాటా పియాన్ ఎ ఫోర్టే ఎనిమిది గొంతులను చిన్నాయిన నోట్‌బుక్ పద్ధతిల రాస్తున్న, స్వరం పైన, పిస్టన్ నంబర్లు కింద. వెస్టర్న్ నొటేషన్ వాళ్లకు రాదు, అవసరం కూడా లేదు, స్వరం చెవుల పడ్డదంటే వాళ్లకు మర్చిపోవుడు ఉండది. కార్నెట్టో భాగం చిన్నాయిన ట్రంపెట్‌కు. ట్రాంబోన్ భాగాలు యూఫోనియంలకు, ఎందుకంటే రెండింటి గొట్టం పొడుగు ఒక్కటే, ట్రాంబోన్ పోయే కాడికి యూఫోనియం కూడా పోతది. వయొలిన్ భాగం కోసం చాలా ఆలోచించిన, అది ట్రంపెట్‌కు మరీ కిందికి ఉన్నది. క్లారినెట్ కింది స్వరాలల్ల సరిగ్గ కూర్చుంటది, మా బ్యాండుల క్లారినెట్ ఆయన కింది స్వరాలు కట్టె వాసన వచ్చినంత చిక్కగ ఊదుతడు. తాళం కష్టం కాదు, అంతా నిదానమే. కష్టమల్లా డ్రమ్ము లేకుండ ఊదుడు. వాళ్లకు సైడ్ డ్రమ్ము లేకుండ ఊదిన అలవాటే లేదు, అడుగు వేయకుండ ఊదిన అలవాటు లేదు. చిన్నాయిన మొదటి గుంపు మొదటి వరుస నేర్చుకున్నడు, మంచం మీద కూర్చోనే ఊదిండు, కాలు మాత్రం నేల మీద నడుస్తనే ఉన్నది. "ఈ కాలును ఆపుడు ముందు నేర్చుకోవాలె" అన్నడు.

యూఫోనియంలు ఆరు కావాలె, మా దగ్గర రెండే ఉన్నయి. మిర్యాలగూడ దిక్కు బ్యాండుల ఇద్దరున్నరంట, దేవరకొండ దిక్కు ఇంకో ఆయనను చిన్నాయిన ఎరుగుడు. ఆరోది దొరకకపోతే రెండో గుంపుల నడిమి గొంతును ఇంకో ట్రంపెట్‌కు ఎంత మటుకు తేవచ్చో చూడాలె, నాకు మనసొప్పుతలేదు గానీ. ఆషాఢంల పెండ్లిళ్లు ఉండయి, అందరూ ఖాళీనే, ఫంక్షన్ హాళ్లు కూడా ఖాళీనే. రెండు పక్కల పైన బాల్కనీలున్న హాలు ఒకటి చూసి పెట్టిన, ఒక గుంపు ఈ బాల్కనీల, ఇంకో గుంపు ఆ బాల్కనీల, కింద కుర్చీలు. హాలు ఓనర్‌తోని కిరాయి మాట్లాడుడు ఒక్కటి మిగిలింది, ఒక పూటకైతే తక్కువకు ఇస్తనంటున్నడు, రెండు పూటలకు అడుగుతున్న, రిహార్సల్ కూడా ఆ బాల్కనీలల్లనే కావాలె మరి.